పదడుగుల గదిలో బట్టల అంగడి

మన కర్నూలు, కడప ఊళ్ళల్లో ఇప్పుడు ఏ వీధిలోకి వెళ్ళినా ఏదో ఒక ఇంటి ముందు గదికి చిన్న బోర్డు కనిపిస్తోంది. మ్యాచింగ్ సెంటర్ అనో, నైటీలు, లంగాలు దొరుకును అనో, చీరలకు ఫాల్స్ కుట్టబడును అనో ఉంటుంది. పిల్లల ఫీజులకనో, ఇంటాయన సంపాదన చాలకనో, ఊరికే కూర్చోవడం ఇష్టం లేకనో మనలో చాలామంది ఈ పనిలోకి దిగుతున్నాం. సరుకు ఎక్కడ తేవాలి, రూపాయికి ఎంత లాభం వేసుకోవాలి అన్నవి నలుగురినీ అడిగి తెలుసుకుంటాం. గది ఎలా సర్దాలన్నది మాత్రం వడ్రంగికి వదిలేస్తాం. చేతిలో ఉన్న డబ్బు సగం అక్కడే కరిగిపోతుంది!

కర్నూలు పాతబస్తీలో మా వదిన 2016లో అంగడి పెట్టాలనుకున్నప్పుడు ఇంట్లో లేచిన మొదటి గొడవ ఇదే. గది పది అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు. మా అన్న ఒక వడ్రంగిని పిలుచుకొచ్చాడు. ఆయన ముందు గాజు షోకేసు, దాని వెనక కౌంటరు, మూడు గోడలకూ ప్లైవుడ్ అలమరలు, పైన ఫాల్స్ సీలింగు అని లెక్క చెప్పాడు. ఆ లెక్క తీరాలంటే వదిన చేతి గాజులన్నీ బ్యాంకులో తాకట్టు పెట్టాలి. "కౌంటరు లేకుండా అంగడేందే, జనం నవ్వుతారు" అన్నాడు అన్న. "కౌంటరుకు గాజులు పెడితే ఇంక సరుకుకు ఏం పెట్టమంటారు?" అంది వదిన. రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

మూడో రోజు వదిన టేపు తీసుకుని తానే గది కొలిచింది. మీరూ ఒకసారి ఈ లెక్క వేసి చూడండి. గోడ అలమర అడుగుంపావు. అమ్మే మనిషి నిలబడి వెనక్కు తిరగడానికి రెండున్నర అడుగులు. కౌంటరు రెండడుగులు. మొత్తం అయిదు అడుగుల తొమ్మిది అంగుళాలు. పది అడుగుల గదిలో కొనేవాళ్ళకు మిగిలేది నాలుగుంపావు అడుగులు! అందులో తల్లీ, కూతురూ, వాళ్ళ వెంట వచ్చిన పిన్నమ్మా నిలబడితే నాలుగో మనిషి గడప దగ్గరే ఆగిపోతుంది. పండగ రోజుల్లో అలా ఆగినవాళ్ళు లోపలికి వస్తారన్న నమ్మకం లేదు, పక్క అంగడికి పోతారు. పెద్ద షాపులకు కౌంటరు కావాలి, కాదనను. చిన్న గదిలో మాత్రం అది నేలను తినేస్తుంది.

మరి కౌంటరు లేకుండా ఎలా అంటారేమో. మన పాతకాలపు బట్టల అంగళ్ళకు కౌంటర్లు ఎక్కడున్నాయి? ప్రొద్దుటూరు, ఆదోని ఊళ్ళల్లో పెళ్ళి బట్టలకు పోయిన పెద్దవాళ్ళను అడగండి. గది నిండా పరుపు, దాని మీద తెల్ల దుప్పటి, గోడకు దిండ్లు. చెప్పులు బయట విడిచి అందరూ కిందే కూర్చునేవాళ్ళు. అడిగిన చీర ఒక్కటే వచ్చేది, మన ఎదుట మడత విప్పి పరిచేవాళ్ళు. నచ్చనివి వెంటనే వెనక్కు పోయేవి. ఆ పరుపే కౌంటరు, ఆ పరుపే షోకేసు, మధ్యాహ్నం ఎవరూ రాకపోతే యజమాని కునుకు తీసే మంచం కూడా అదే!

ఇది మన ఒక్కరి పద్ధతే కాదు. జపానులో 1673లో ఎదో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, మిట్సుయి కుటుంబం 'ఎచిగోయా' అని బట్టల అంగడి తెరిచింది. అక్కడా కొనేవాళ్ళు చాపల మీదే కూర్చునేవాళ్ళు. వెనక గిడ్డంగి నుంచి కుర్రాళ్ళు అడిగిన గుడ్డ మోసుకొచ్చి ముందు పరిచేవాళ్ళు. ఒకటే ధర, రొక్కమే అన్నది వాళ్ళ నియమం. ఈనాటి మిత్సుకోషి అనే పెద్ద షాపుకు మూలం అదే. మన నేతవాళ్ళ ఇల్లు చూసినా ఇదే తెలివి కనిపిస్తుంది. మాధవరంలోనో, యెమ్మిగనూరులోనో గుంట మగ్గం ఉన్న ఇంట్లోకి తొంగి చూడండి. కాళ్ళు పెట్టుకోవడానికి నేలలో గుంట తవ్వుతారు, మగ్గం తాళ్ళు పైకప్పు దూలానికి వేలాడతాయి. నేల లోతునూ, పైన ఎత్తునూ వాడుకున్నారు కాబట్టే మగ్గం ఉన్న ఇంట్లోనే వంటా, నిద్రా సాగిపోతాయి.

మా వదిన అంగడికి పెట్టుకున్న నియమం కూడా దాదాపు ఇంతే. నేల మీద కదలనిది ఏదీ ఉండకూడదు, గోడలు మాత్రం నేల నుంచి దూలం దాకా పనిచేయాలి.

నేల మీద ఒక పలుచటి బొంత పరుపు, దాని మీద యెమ్మిగనూరు దుప్పటి. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఊరు కదా, ఆ దుప్పట్లు ఎన్ని ఉతుకులకైనా ఆగుతాయని మా వదిన గట్టి నమ్మకం. రెండు దుప్పట్లు ఉంచుకుని మార్చి మార్చి వేస్తుంది. తెల్లవి వద్దు, మన దుమ్ముకు సాయంత్రానికల్లా ఎర్రబడతాయి. రాత్రి ఆ పరుపు చుట్టేస్తే గది మళ్ళీ ఇల్లే. పరీక్షల రోజుల్లో పిల్లలు అక్కడే చదువుకుంటారు.

అయితే మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కింద కూర్చోలేరు, నైటీలు కొనేవాళ్ళల్లో వాళ్ళే ఎక్కువ. వాళ్ళకోసం ఒక పెట్టె బల్ల చేయించింది. ఎత్తు పద్దెనిమిది అంగుళాలు, పొడవు మూడడుగులు. మూత ఎత్తితే లోపల లంగాల బండిళ్ళు. ఇద్దరు పట్టుకుంటే ఎక్కడికైనా జరుగుతుంది. జాకెట్ గుడ్డలు కొలిచి కత్తిరించడానికి గోడకు మడత బల్ల ఉంది, పని ఉన్నప్పుడు దించి, లేనప్పుడు ఎత్తి కొక్కెం వేస్తుంది. మడత బల్ల అంచుకే గీతలు గీసి కొలిచేవాళ్ళను చూశాను. అలా చేయకండి. తూనికలు కొలతల శాఖ ముద్ర పడిన మీటరు కడ్డీతోనే కొలవాలి. చట్టం సంగతి అటుంచి, రెండు అంగుళాలు తగ్గిందని ఒక్కరికి అనుమానం వస్తే వీధంతా చెప్పుకుంటారు.

గోడల సంగతి

మన పాత ఇళ్ళకు ఒక అదృష్టం ఉంది, రాతి గోడల్లో గూళ్ళు. గోడ రెండడుగుల మందం కాబట్టి గూడు అడుగు లోతుకు పైగా ఉంటుంది, గదిలోకి ఒక్క అంగుళం కూడా పొడుచుకురాదు. చాలామంది వీటిని మూసి సున్నం వేసి, వాటి ముందు ప్లైవుడ్ అలమర బిగిస్తారు. నాకైతే ఒళ్ళు మండుతుంది! చీర నాలుగు మడతలు పెడితే దాని వెడల్పు సుమారు పన్నెండు అంగుళాలు. గూటికి చక్కగా సరిపోతుంది.

అరలకు కర్ర కంటే మన బండలే మేలు. కడప బండ అంటే బొంబాయిలో వంటింటి గట్లకు 'కడప్పా' అనే పేరుతో వేయించుకుంటారు. బేతంచెర్ల, యర్రగుంట్ల చుట్టుపక్కల ఉన్న మనకు అది ఇంటి ముందు దొరికే వస్తువు. చెద పట్టదు, చెమ్మకు ఉబ్బదు, తడి గుడ్డతో తుడిస్తే దుమ్ము పోతుంది. అంగుళం మందం బండకు రెండున్నర, మూడు అడుగులకు ఒక ఆనుకోలు ఉండాలి, లేకపోతే బరువుకు నడుమ విరుగుతుంది. అంచులు నున్నగా పట్టించుకోవడం మరవకండి, జార్జెట్టు చీర పోగు తగులుకుంటే ఆ చీర ఇక అమ్ముడుపోదు.

బండ మాత్రం ఒకసారి పెడితే కదలదు. అందుకని అది ఒక్క గోడకే చాలు. మిగిలిన రెండు గోడలకు చిల్లుల ఇనుప యాంగిళ్ళు నిలబెట్టించింది వదిన. నట్లు విప్పి అర పైకీ కిందికీ మార్చుకోవచ్చు, అర తీసేసి అక్కడే హ్యాంగర్ల కడ్డీ వేసుకోవచ్చు. ఒక జాగ్రత్త ఉంది. మట్టితో కట్టిన పాత రాతి గోడలకు మేకు గానీ, ప్లగ్గు గానీ గట్టిగా నిలవదు. యాంగిళ్ళను నేల మీద ఆనించి పైన దూలానికి కట్టించాలి. అద్దె గదుల్లో ఉన్నవాళ్ళకు ఇందులో ఇంకో లాభం. ఖాళీ చేసిన రోజు విప్పి ఆటోలో వేసుకుని పోవచ్చు. గోడకు బిగించిన ప్లైవుడ్ పని ఇంటి ఓనరుకే మిగులుతుంది.

హ్యాంగర్ల విషయంలో కొలత తప్పితే గది ఇరుకైపోతుంది. పెద్దవాళ్ళ డ్రెస్సుల హ్యాంగరు పదిహేడు అంగుళాల దాకా ఉంటుంది. గోడకు వరసగా కడ్డీ వేసి తగిలిస్తే గది లోపలికి ఇరవై, ఇరవైరెండు అంగుళాలు పోతుంది. రెండు గోడలకూ అలా వేస్తే పది అడుగుల్లో దాదాపు మూడున్నర అడుగులు పోయినట్టే! పైగా వచ్చినవాళ్ళకు చేతుల అంచులు తప్ప డ్రెస్సు కనపడదు. అందుకే ఒక గోడకే కడ్డీ వేసి, రెండో గోడకు మన చిలక్కొయ్యల లాగా ముందుకు పొడుచుకొచ్చే కొక్కేలు పెట్టాలి. ఒక్కో కొక్కానికి అయిదారు, ముందున్నది నిండుగా కనిపిస్తుంది. చిన్నపిల్లల గౌన్లు పొట్టివి కాబట్టి వాటికి కింద ఒకటి, పైన ఒకటి రెండు కడ్డీలు పడతాయి.

ఎక్కువగా అమ్ముడయ్యేవి మోకాలికి పైన, నుదుటికి కింద ఉండాలి. నుదుటి పైన పెద్ద పండగ సరుకు, దాని పైన అటక మీద సంచులు. మోకాలి కింద ఏముండాలో తర్వాత చెబుతాను, దానికి వేరే కథ ఉంది.

పరదా చేసే పని

ట్రయల్ రూము కావాలని అందరూ అడుగుతారు. మూడడుగులకు మూడడుగులు తగ్గితే చేతులు ఎత్తి డ్రెస్సు వేసుకోలేం. అంత జాగాను రోజంతా ఖాళీగా ఉంచితే గదిలో మూల పోయినట్టే. వదిన గది మూలలో వంకీ తిరిగిన కడ్డీ ఒకటి వేసి, మందపాటి పరదా కట్టింది. ఎవరైనా లోపలికి పోతే పరదా మూసుకుంటుంది, లేకపోతే గోడకు ఒదిగిపోయి మూల తెరుచుకుంటుంది. పరదా పలుచగా ఉంటే లోపలి లైటుకు నీడ బయటికి కనిపిస్తుంది, కాబట్టి రెండు పొరలు కుట్టించండి. కింద బెత్తెడు ఖాళీకి మించి ఉండకూడదు, ఎగరకుండా అంచులో చిన్న గొలుసు పెట్టి కుట్టాలి. లోపల రెండు చిలక్కొయ్యలు, ఒక చిన్న పీట ఉండాలి. విడిచిన బట్టలు ఎక్కడ పెట్టాలో తెలియక మనం ఎన్నిసార్లు అవస్థ పడలేదు! ఈ రోజుల్లో రహస్య కెమెరాల భయం కూడా ఉంది కాబట్టి ఆ మూలలో పెట్టెలు, గడియారాలు లాంటివేవీ పెట్టకుండా గోడ బోసిగా వదిలేయడమే మంచిది. చూడగానే ఆడపిల్లలకు ధైర్యం వస్తుంది.

గది అడ్డంగా మధ్యలో మరో కడ్డీ ఉంది. దాని పరదా మామూలు రోజుల్లో పక్కకు కట్టి ఉంటుంది. రంజాన్ నెల సాయంత్రాలు దాన్ని దింపుతుంది. బురఖా వేసుకునే అక్కచెల్లెళ్ళు పరదా వెనక్కు పోయి ముఖం మీద ముసుగు తీసి అద్దంలో డ్రెస్సు పట్టుకుని చూసుకుంటారు. వెంట వచ్చిన మగవాళ్ళు ఇవతల అరుగు మీద కూర్చుంటారు. ఒక్క పరదాతో రెండు గదులు! కర్నూలైనా, కడపైనా మన ఊళ్ళల్లో రంజాన్ బేరం వదులుకుని బట్టల అంగడి నడవదు. మా అన్న కూడా మొదటి రంజాన్ అయ్యాకే కౌంటరు మాట ఎత్తడం మానేశాడు.

ఏడాదిలో గది ఎన్ని వేషాలు వేయాలో చూడండి. ఉగాదికి పిల్లల బట్టలు. జూన్‌లో బడులు తెరిస్తే యూనిఫారం గుడ్డ తాన్లు. ఆషాఢంలో తగ్గింపు ధరల కుప్పలు. శ్రావణం వస్తే వరలక్ష్మీ వ్రతానికి పట్టు చీరలు, వాటికి మ్యాచింగు జాకెట్లు. దసరా, దీపావళి, సంక్రాంతి చెప్పనక్కర్లేదు. రంజాన్ మాత్రం ప్రతి ఏడూ పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఒక్కో ఏడు ఉగాదితోనే కలిసిపోతుంది. అన్నీ బిగించేసిన అలమరలైతే ఇన్ని మార్పులకు లొంగవు. యూనిఫారం తాను పెట్టడానికి ఎత్తు అర కావాలి, పట్టు చీరకు పొట్టి అర కావాలి. వదిన పండగకు వారం ముందు ఒక మధ్యాహ్నం స్పానరు పట్టుకుని కూర్చుని అరలు మార్చేస్తుంది. ఆ స్పానరు ఎవరు అడిగినా ఇవ్వదు.

అరుగు మీదికి ఒక చక్రాల స్టాండు కూడా ఉంది. ఉదయం బయటికి, రాత్రి లోపలికి. కొనేటప్పుడు ముందు మీ వాకిలి కొలుచుకోండి. మూడడుగుల వాకిలికి రెండున్నర అడుగుల స్టాండే పడుతుంది. చక్రాలు చిన్నవైతే నాపబండల సందుల్లో ఇరుక్కుంటాయి, మూడంగుళాలవి తీసుకోండి. పడమటి ఎండ తగిలే అరుగైతే మధ్యాహ్నం మూడు దాటాక స్టాండు లోపలికి లాగేయాలి. మన ఎండకు ఒక్క వారంలో మడత మీద రంగు వెలిసిన గీత పడుతుంది.

వెలుతురు, వేడి

జాకెట్ గుడ్డ రంగు చూడటానికి అందరం ఏం చేస్తాం? చీర కొంగూ, గుడ్డా పట్టుకుని వీధిలోకి వస్తాం. కడప వై.వి. స్ట్రీట్‌లో ఏ సాయంత్రం నిలబడి చూసినా ఈ దృశ్యమే. షాపు లైటు కింద ఒకటిగా కనిపించిన రెండు మెరూన్లు ఎండలో వేరైపోతాయి. చీకటి పడ్డాక బేరం ఆగిపోవడానికి సగం కారణం ఇదే. అద్దం దగ్గరైనా ఒక మంచి ఎల్.ఇ.డి. లైటు పెట్టుకోండి. కొనేటప్పుడు అట్టపెట్టె మీద సి.ఆర్.ఐ. 90 లేదా అంతకు పైన ఉందా అని చూడండి, రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయని ఆ అంకెకు అర్థం. వెలుతురు అద్దం మీద కాదు, చూసుకునే మనిషి ముఖం మీద పడాలి. నిలువుటద్దం వాకిలికి ఎదురు గోడకు పెడితే గది లోతు రెట్టింపైనట్టు అనిపిస్తుంది.

మట్టి మిద్దె ఉన్నవాళ్ళు గవాక్షిని మూయకండి. పగటి వెలుతురు పై నుంచి పడుతుంది, లోపలి వేడి గాలి పైకి పోతుంది. దాని మీద గాజు పలక ఒకటి పెట్టించుకుంటే వాన భయం ఉండదు, కాకపోతే గాలికి పక్కన కాస్త సందు వదలాలి. నలభైమూడు, నలభైనాలుగు డిగ్రీల ఎండల్లో ఫాల్స్ సీలింగు వేసి ఉన్న ఎత్తును ఎందుకు తగ్గించుకుంటారో నాకు అర్థం కాదు. రేకుల గది అయితే పైన తెల్ల సున్నం కొట్టించినా కొంత తేడా తెలుస్తుంది. మూలలో పరదా వెనక మాత్రం ఎంత చేసినా ఉక్కగానే ఉంటుంది, వదిన అంగడిలో ఆ లోటు ఇంకా అలాగే ఉంది. గోడ ఫ్యాను ఒకటి అటు తిప్పి పెట్టింది గానీ పరదా ఎగురుతుందని ఆడపిల్లలు ఆపేయమంటారు.

ఇక మోకాలి కింద సంగతి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్ళు కర్నూలు ఊళ్ళోకి వచ్చాయి. పాతబస్తీలో ఆ రోజు చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. నీళ్ళు తీశాక బురదలో నుంచి చీరల మూటలు వీధిలోకి లాగి ఆరబెట్టారు. గోడలకు బిగించిన ప్లైవుడ్ అలమరలు ఉబ్బి, తలుపులు తెరుచుకోక, లోపలి సరుకు లోపలే కుళ్ళిపోయింది. మా వదిన ఆ అలమరలు పగలగొట్టడం కళ్ళారా చూసిన మనిషి. వడ్రంగి లెక్క చెబుతున్నప్పుడు ఆమె మనసులో ఉన్నది గాజులు ఒక్కటే కాదు. అలాంటి నీళ్ళు మళ్ళీ వస్తే ఏ అరా ఆపదు, నిజమే. కానీ మామూలు గాలివానకు వీధి నీళ్ళు గడప దాటి రావడం మనకు తెలియనిదా? అందుకే ఆమె అంగడిలో మోకాలి కింద అరలే లేవు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లో ఫాల్స్, హుక్కులు, దారాలు, నాడాలు మాత్రమే ఉంటాయి. డబ్బాలకు పిడులున్నాయి. పట్టు చీరలు దూలం కింది అరలో, నాలుగు సంచుల్లో సర్ది ఉంటాయి. సంచికొకరు పట్టుకుంటే ఒక్క నడకలో మిద్దె ఎక్కించవచ్చు. పట్టు చీరల మధ్య కలరా ఉండలు నేరుగా జరీకి తగలకుండా గుడ్డలో మూటకట్టి ఉంచుతుంది.

చివరిగా కరెంటు విషయం. చిన్న గదిలో బట్టలూ, వైర్లూ పక్కపక్కనే ఉంటాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సును అరల మధ్య ఇరికించి దాని మీద తాన్లు పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. స్విచ్చు బోర్డుకు చుట్టూ జానెడు జాగా ఖాళీగా వదలండి, ఎం.సి.బి. పెట్టించండి. దేవుడి పటం అంగడిలో ఉంటే దీపం, అగరుబత్తి అరుగు మీదనో, రాతి గూట్లోనో వెలిగించాలి. వదిన రాత్రి పరుపు చుట్టాక మెయిను ఆపుతుంది, ఆ తర్వాతే తాళం వేస్తుంది. గల్లాపెట్టె ఇంకా పాత బిస్కెట్ల డబ్బానే.